ఏడాదికి 72 రెక్కల అంచులు.. అందులో మన కొలువెక్కడ?

మీ వాట్సాప్ గ్రూపులోనూ ఆ వార్త వచ్చే ఉంటుంది. 'కుప్పంలో విమానాల ఫ్యాక్టరీ.. ఇంజినీరింగ్ పిల్లలకు పండగే' అని. మా కాలేజీ జూనియర్ల గ్రూపులో ఒకే రోజు నాలుగుసార్లు పడింది. ఆ సాయంత్రమే కోదాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మెకానికల్ ఫైనలియర్. 'అన్నా, హైదరాబాద్‌లో ఏరోస్పేస్ కోర్సు ఉందంట. మూడు నెలలు. లక్షా ఇరవై వేలు కట్టమంటున్నరు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నరు. బాపును అడగాల్నా వద్దా?' అన్నాడు.

వాళ్ల నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా. లక్షా ఇరవై వేలంటే ఆ ఇంట్లో ఎంత లెక్కో నాకు తెలుసు. అందుకే అప్పటికప్పుడు అవుననీ కాదనీ చెప్పలేదు. రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజుల్లో నేను వేసుకున్న లెక్కే ఈ వ్యాసం. మీలోనూ ఇదే ప్రశ్నతో ఉన్నవాళ్లు సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో చాలామందే ఉంటారని రాస్తున్నా.

అసలు వార్త ఏంటి?

బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అంటే ఎన్ఏఎల్, 'హంస' అనే చిన్న శిక్షణ విమానాన్ని 1990ల నుంచి తయారు చేస్తోంది. ఇద్దరు కూర్చునే విమానం ఇది. దాని కొత్త రూపం హంస-3 ఎన్‌జీ 2021 సెప్టెంబరు 3న తొలిసారి గాల్లోకి లేచింది. రోటాక్స్ ఇంజిన్, డిజిటల్ కాక్‌పిట్, కాంపోజిట్ బాడీ. అంటే రేకుతో కాకుండా ఫైబర్, రెసిన్ కలిపి పొరలు పొరలుగా కట్టిన ఒళ్లు. దీన్ని వాణిజ్యపరంగా తయారుచేసే బాధ్యత పయనీర్ క్లీన్ ఆంప్స్ అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2025 నవంబరు 29న ప్రొడక్షన్ వెర్షన్‌ను బెంగళూరులో ఆవిష్కరించినప్పుడు చెప్పిన మాట: చిత్తూరు జిల్లా కుప్పంలో రూ.150 కోట్లతో ప్లాంటు, మొదట ఏడాదికి 36 విమానాలు, తర్వాత 72 వరకు పెంచుతారు.

ఎందుకు ఇప్పుడే? సమాధానం పెద్ద విమానాల్లో ఉంది. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అవి నడపడానికి పైలట్లు కావాలి. కేంద్ర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు వచ్చే 15-20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని పలుమార్లు చెప్పారు. పైలట్లు తయారవ్వాలంటే ఫ్లయింగ్ స్కూళ్లు కావాలి, వాటికి చిన్న విమానాలు కావాలి. మన స్కూళ్లలో ఎక్కువగా కనిపించేవి విదేశీ సెస్నాలు, డైమండ్‌లే. వాటి స్థానంలో మన హంస వస్తే డబ్బు ఇక్కడే ఉంటుంది. ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది.

తేడా వచ్చేది తర్వాతి మెట్టు దగ్గర. 'విమానాలు తయారవుతాయి కాబట్టి లక్షల కొలువులు' అంటున్నారు చూడండి, అక్కడ. రండి, ఒక చిన్న భాగం పట్టుకుని లెక్క వేద్దాం. రెక్క చివరి అంచు. వింగ్ టిప్.

ఏడాదికి 36 విమానాలంటే నెలకు మూడు. విమానానికి రెండు టిప్స్. ఏడాదికి 72. చేయి తిరిగిన ఇద్దరు కలిసి ఒక్కో టిప్‌ను అమర్చి, సరిచూసి, కాగితాలు రాయడానికి రెండు రోజులు తీసుకున్నారనుకుందాం. ఇది నా అంచనానే, ఫ్యాక్టరీ లెక్క కాదు. మొత్తం 144 పనిదినాలు. అంటే ఆ ఇద్దరికి ఏడాదిలో సగం కూడా పని లేదు! మిగతా సగంలో వాళ్లు తలుపులో, ఇంజిన్ కవరో చేయాలి. విమానం మొత్తానికి ఇదే లెక్క వేసుకుంటూ పోతే చేతిపని కొలువులు వేలల్లో రావు. వందల్లో వస్తే సంతోషించాలి. తక్కువ చేసి చెప్పడం లేదు. వంద మంచి కొలువులు వంద కుటుంబాలు. కానీ ఆ వందలో ఒకటి మీది కావాలంటే మీ చేతిలో ఏం ఉండాలన్నదే అసలు విషయం.

ఒక వింగ్ టిప్ కథ

వింగ్ టిప్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, దాన్ని సరిగ్గా అమర్చగలిగినవాడికి ఈ రంగంలో సగం పని వచ్చినట్టే. దీని గురించి ప్రపంచంలో అందరికంటే ఓపిగ్గా నేర్చుకున్నది ఫ్యాక్టరీలవాళ్లు కాదు, సొంతంగా ఇంట్లో విమానం కట్టుకునేవాళ్లు.

అవును, ఇంట్లోనే. అమెరికాలో 1953లోనే వీళ్లకో సంఘం ఏర్పడింది, ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని. అక్కడి వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ విమానాన్ని కిట్‌గా పెట్టెల్లో పంపిస్తుంది, మనం ఫర్నిచర్ బిగించుకున్నట్టు బిగించుకోవాలి. అలా కట్టుకుని ఎగిరిన ఆ కంపెనీ విమానాలు 11 వేలు దాటాయి. మన దేశంలో అలాంటి కథ ఒకటి చాలామందికి తెలుసు. ముంబై పైలట్ కెప్టెన్ అమోల్ యాదవ్. కాందివలీలో తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016 ఫిబ్రవరిలో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెడితే దేశమంతా చూసింది. డీజీసీఏ రిజిస్ట్రేషన్ మాత్రం 2017 నవంబరుకు గానీ రాలేదు. ఆ తర్వాత ధూళే విమానాశ్రయంలో పరీక్షలు. డాబా మీద రేకు వంచడం కంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే కష్టమైందని అతని కథ చదివిన ఎవరికైనా అర్థమవుతుంది.

కిట్ విమానంలో రెక్క అల్యూమినియం రేకు. చివరి అంచు మాత్రం ఫైబర్‌గ్లాస్. ఎందుకంటే అంచు అన్ని వైపులా వంపు తిరిగి ఉంటుంది. రేకును రెండు వైపులకు వంచాలంటే ఖరీదైన డైలు కావాలి. ఫైబర్ అయితే అచ్చులో పరిచి రెసిన్ పట్టిస్తే చాలు, వంపు దానంతటదే వస్తుంది. పెట్టెలోంచి తీసినప్పుడు టిప్ అచ్చం పాత కూలర్ మూతలా ఉంటుంది. ముట్టుకుంటే 'ఇదా విమానం!' అనిపిస్తుంది.

దాన్ని రెక్కలోకి జొనపాలి. టిప్‌కి చుట్టూ రెండు మూడు వేళ్ల వెడల్పు అంచు ఉంటుంది, అది రెక్క రేకు కిందికి పోవాలి. కంపెనీ గీసిన గీత వరకు ఆ అంచును కోసి, గరుకు కాగితంతో రుద్ది, జొనిపి, తీసి, మళ్లీ రుద్ది, మళ్లీ జొనపాలి. పెళ్లిలో గాజు తొడిగినట్టు. బలం పెడితే పగులుతుంది, వదులుగా వదిలేస్తే రేకుకూ ఫైబర్‌కూ మధ్య గాలి దూరే సందు మిగులుతుంది.

కూర్చుంది కదా అని వెంటనే డ్రిల్లు తీయకండి. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. రెక్క వెనక అంచున కదిలే పలక ఒకటి ఉంటుంది. దాని పేరు ఐలరాన్. విమానం పక్కకు వాలేది దానివల్లే. ఆ పలకను సరిగ్గా మధ్య స్థానంలో క్లాంపు పెట్టి ఆపాలి. టిప్ వెనక అంచు దానితో ఒకే గీతలోకి రావాలి. పొడవాటి స్కేలు పెట్టి చూడాలి. రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో ఉంటే, ఆ టిప్ గాల్లో చిన్న ఐలరాన్‌లా పనిచేస్తుంది. పైలట్ తిన్నగా పోదామన్నా విమానం ఒక పక్కకు వాలుతూనే ఉంటుంది. అచ్చులోంచి వచ్చిన టిప్‌కి పుట్టుకతోనే మెలిక ఉండటం మామూలే. అప్పుడేం చేస్తారు? వెనక అంచును నిలువునా చీల్చేస్తారు! పై పొర, కింద పొర విడిపోయాక మెలిక తీసి, క్లాంపులు పెట్టి, ఎపాక్సీలో దూది పీచులాంటి ఫ్లాక్స్ కలిపి మళ్లీ అతికిస్తారు. కొత్త భాగాన్ని చేతులారా చీల్చడానికి గుండె కావాలి. ఆ గుండె ఉన్నవాడే టెక్నీషియన్. పైన లప్పం పెట్టి దాచేసేవాడు ఇంకొకడు.

లప్పం అంటే గుర్తొచ్చింది. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మేం నలుగురం కలిసి రేడియో కంట్రోల్ విమానం చేశాం. ఎడమ టిప్‌కి పగులొస్తే నేనే లప్పం పూశాను, నునుపుగా మెరిసేలా. సాగర్ ఎడమ కాలువ గట్టు మీదనుంచి ఎగరేస్తే పది సెకన్లలో ఎడమకు తిరిగి వరి మడిలో పడింది. ఇంటికెళ్లి కిరాణా కాటా మీద పెట్టి చూస్తే ఎడమ టిప్ 38 గ్రాములు ఎక్కువ. 38 గ్రాములే కదా అనకండి. దూరం పెరిగేకొద్దీ బరువు ప్రభావం పెరుగుతుంది, ఇంటర్‌లో చదివిన మొమెంటే. హంసలాంటి పదిన్నర మీటర్ల రెక్కల విమానంలో టిప్ మధ్య గీత నుంచి అయిదు మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ 200 గ్రాముల లప్పం పూస్తే, మీటరు దూరంలో కిలో రాయి కట్టినట్టే. అందుకే ఆకారం కోసం రెసిన్‌లో మైక్రో బెలూన్లు కలుపుతారు. అవి బోలు గాజు గుండ్లు, పిండిలా ఉంటాయి, బరువుండవు. వాటికి బలం కూడా ఉండదు. అతకడానికి ఫ్లాక్స్, నునుపుకు బెలూన్లు. ఈ రెండూ తారుమారు చేసినవాడి పని చూడ్డానికి బాగుంటుంది, మోయదు.

గీత కుదిరాక రంధ్రాలు. రేకు రంధ్రంలోంచి ఫైబర్‌లోకి డ్రిల్ చేసి, వెంటనే క్లెకో అనే స్ప్రింగు పిన్ను పెట్టి, ఆ తర్వాతే ఇంకోటి వేయాలి. బట్టలు కుట్టేవాళ్లు గుండుసూదులు పెట్టుకుంటారు కదా, అలాగే. రంధ్రం అంచుకు మరీ దగ్గరైతే చీలుతుంది. మామూలుగా లోహంలో రివెట్ వ్యాసానికి కనీసం రెండింతలు, ఫైబర్‌లో మూడింతలు దూరం వదులుతారు. రివెట్ బిగిసేటప్పుడు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఫైబర్ నలిగి పగుళ్లు తీస్తుంది, కాబట్టి వెనక పల్చని అల్యూమినియం పట్టీ పెట్టాలి. టిప్‌ను మళ్లీ విప్పాల్సిన అవసరం ఉంటుందనుకుంటే రివెట్లు వద్దు, నట్‌ప్లేట్లు పెట్టి స్క్రూలు బిగిస్తారు. ఎందుకు విప్పాలి? లైట్లు లోపలే ఉంటాయి కాబట్టి. ఎడమ టిప్‌కి ఎరుపు, కుడి టిప్‌కి ఆకుపచ్చ.

ఈ లైటు దగ్గర ఎలక్ట్రికల్ వాళ్లు కూడా బోల్తా పడతారు. బైకులో ఒక్క వైరు లాగి, రెండోది చాసిస్‌కి ఎర్త్ చేస్తాం కదా. లోహపు రెక్కలోనూ అదే నడుస్తుంది. కానీ ఫైబర్ కరెంటును మోయదు! టిప్ మీద లైటుకు ఎర్త్ వైరు విడిగా లాగకపోతే అది వెలగదు. అదే ఫైబర్‌గ్లాస్ రేడియో తరంగాలను ఆపదు కాబట్టి కొందరు యాంటెన్నాను టిప్ లోపలే దాచేస్తారు. కార్బన్ ఫైబర్ అయితే కుదరదు, అది తరంగాలను అడ్డుకుంటుంది. పైగా అల్యూమినియానికి కార్బన్ నేరుగా తగిలితే తడిలో లోహం తినేస్తుంది. ఇంటర్వ్యూలో 'గ్లాసుకూ కార్బన్‌కూ తేడా ఏంటి' అని అడిగితే 'కార్బన్ బలం ఎక్కువ సార్' అని ఆపేయకండి. ఈ రెండు ముక్కలు చెప్పండి.

మన ఎండ గురించి ఒక మాట. రెసిన్, హార్డెనర్ కలిపాక గట్టిపడే లోపు మిగిలే టైమును పాట్ లైఫ్ అంటారు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ టైము సుమారు సగమవుతుంది. డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు అని ఉంటే, ఏప్రిల్‌లో సూర్యాపేట రేకుల షెడ్డులో అది పదికి దగ్గర పడొచ్చు. లోతైన గ్లాసులో ఎక్కువ కలిపితే దానంతటదే వేడెక్కి పొగ వస్తుంది. వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెం కలుపుకోవాలి, కంటితో కాదు, కాటాతో. కాంపోజిట్ విమానాలు దాదాపు అన్నీ తెల్లగా ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? ముదురు రంగు ఎండకు వేడెక్కితే గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడిన ఎపాక్సీ మెత్తబడే ప్రమాదం ఉంది. ఫ్యాషన్ కోసం కాదది.

కుప్పం ఒక్కటే కాదు, ఆదిబట్ల కూడా

హంస రెక్క మొత్తం కాంపోజిటే కాబట్టి పైన చెప్పిన పద్ధతి అచ్చం అలాగే ఉండదు. మరి రేకు, రివెట్ ఎందుకు నేర్చుకోవాలి? ఎందుకంటే మనకు దగ్గర్లో ఉన్న పెద్ద పనంతా అదే. కోదాడలో బస్సెక్కితే సూర్యాపేట మీదుగా 65వ నంబరు హైవే మనల్ని తిన్నగా హైదరాబాద్ శివార్లకు తీసుకెళ్తుంది. ఆదిబట్లలో టాటా-బోయింగ్ ప్లాంటు 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలాజ్‌లు చేస్తోంది, 737 విమానాల తోక నిలువు రెక్కలు కూడా అక్కడినుంచే వెళ్తున్నాయి. టాటా-లాక్‌హీడ్ ప్లాంటులో సి-130జె రవాణా విమానం తోక భాగాలు తయారవుతాయి. 2025 జూన్ 5న టాటా, దసో కంపెనీల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం రఫేల్ ఫ్యూజిలాజ్‌లు హైదరాబాద్‌లోనే చేస్తారు. 2028 ఆర్థిక సంవత్సరంలో తొలి భాగాలు బయటికి రావాలి, తర్వాత నెలకు రెండు ఫ్యూజిలాజ్‌ల వరకు. శంషాబాద్‌లో సాఫ్రాన్ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభమైంది. పూర్తి సామర్థ్యానికి చేరితే ఏడాదికి 300 ఇంజిన్లు, వెయ్యి మందికి పైగా సాంకేతిక సిబ్బంది అని ప్రకటించారు. అది 2035 నాటి లెక్క అని గమనించండి. వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లో ఆ సంవత్సరం ఉండదు.

ఈ ప్లాంట్లలో ఫ్యూజిలాజ్, తోక పని చేసే చోట రోజంతా జరిగేది డ్రిల్లింగ్, రివెటింగ్, సీలింగ్, కొలత, సంతకం. వింగ్ టిప్ పనిలో ఉన్నవే.

మొదటి ఉద్యోగం కోసం ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, పెద్దాయన ఒకరు రెండు రేకు ముక్కలు టేబుల్ మీద పెట్టి 'ఏది రిజెక్ట్?' అన్నారు. ఒకదాని రివెట్ తలలు వెడల్పుగా తళతళలాడుతున్నాయి, ఇంకోదానివి సాదాసీదాగా ఉన్నాయి. నేను సాదాది చూపించాను. నవ్వి పంపించేశారు. తర్వాత తెలిసింది, కొట్టిన రివెట్ తల వెడల్పు దాని కాడ వ్యాసానికి సుమారు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలని. వెడల్పుగా మెరుస్తున్నది ఎక్కువ కొట్టేసింది. నా సర్టిఫికెట్‌లో 78 శాతం ఉంది. రివెట్ తల కొలవడం నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

షెడ్డులో ఉన్న పనితనం

విచిత్రం ఏంటంటే, ఈ చేతిపనిలో సగం మన ఊళ్లలోనే ఉంది. హైవే పక్క షెడ్లలో లారీ బంపర్లు, బస్సు ముందు భాగాలు అతికేవాళ్లను చూడండి. ఫైబర్ తలుపులు, కూలర్ బాడీలు చేసేవాళ్లను చూడండి. మ్యాట్ పరిచి, రెసిన్ పూసి, రోలరుతో గాలి బుడగలు తీసే చేయి వాళ్లది. రోలరు ఎంత ఒత్తిడితో తిప్పాలో ఏ ప్రొఫెసరూ మాటల్లో చెప్పలేడు. కానీ వాళ్లలో ఎక్కువమంది దగ్గర కాటా ఉండదు, మాస్క్ ఉండదు, రాసిపెట్టే పుస్తకం ఉండదు. మన దగ్గర పుస్తకం ఉంది, చేయి లేదు.

పుస్తకం ఎందుకంత ముఖ్యమో మన జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ చనిపోయింది. ఆ ప్రమాద కారణాల గురించి నేనేమీ మాట్లాడటం లేదు. నేను చెప్పేది ఒక్కటే, ఇలాంటి విమానాల్లో కూర్చునేది మీ వయసు పిల్లలే. ఏ భాగం ఎవరు బిగించారు, ఏ బ్యాచ్ రెసిన్, ఆ రోజు షెడ్డులో వేడి ఎంత, ఎవరు తనిఖీ చేశారు అన్నది ఏళ్ల తర్వాత కూడా వెతికితే దొరకాలి. బంపర్‌కూ వింగ్ టిప్‌కూ తేడా రెసిన్‌లో కంటే ఆ కాగితంలోనే ఎక్కువ ఉంది.

కాంపోజిట్స్ అంటే విమానమే కానక్కర్లేదు కూడా. హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబుల్లో అబ్దుల్ కలాం ఉన్నప్పుడు, క్షిపణి కోసం చేసిన తేలికైన కాంపోజిట్ పదార్థంతోనే నిమ్స్‌లో పోలియో పిల్లలకు కాలి పట్టీలు చేశారు. అంతకుముందు ఆ పిల్లలు మూడు కిలోలకు పైగా ఇనుము ఈడ్చుకుంటూ నడిచేవారు. అది కొన్ని వందల గ్రాములకు దిగింది. ఇవాళ గాలిమర రెక్కలు, రైలు ముందు భాగాలు, పడవలు, మిర్యాలగూడ పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు, అన్నింట్లోనూ ఇదే పని. కుప్పంలో 72 టిప్స్‌కి ఇద్దరు చాలని లెక్క వేశాం కదా. ఆ ఇద్దరిలో లేనివాడికి ఈ చోట్లన్నీ ఉన్నాయి.

డబ్బు కట్టే ముందు

కోదాడ తమ్ముడికి రెండు రోజుల తర్వాత చెప్పింది ఇదీ. ఆ కోర్సువాళ్లను మూడే అడుగు. సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు? మూడు నెలల్లో నా చేత్తో ఎన్ని రివెట్లు కొట్టిస్తారు, ఎన్ని పొరలు పరిపిస్తారు? గ్యారంటీ అంటున్న కంపెనీ పేరు ఆఫర్ లెటర్ మీద రాసిస్తారా? మూడింటికీ జవాబు నసుగుడైతే బాపును అడగొద్దు.

ఐటీఐ చదివేవాళ్లకు 'ఏరోనాటికల్ స్ట్రక్చర్ అండ్ ఎక్విప్‌మెంట్ ఫిట్టర్' అనే రెండేళ్ల ట్రేడ్ ప్రభుత్వ జాబితాలోనే ఉంది. నాగపూర్ ఐటీఐలో దసో కంపెనీ సహకారంతో నడుస్తోంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని జరుగుతోంది. అక్కడి సీఎన్‌సీ, వర్చువల్ డిజైన్ కోర్సులు ఏరోస్పేస్ పేరు లేకపోయినా ఏరోస్పేస్‌కి పనికొచ్చేవే. దగ్గర్లోని సెంటరుకు ఒకసారి వెళ్లి, మెషీన్లు నడుస్తున్నాయా, కవర్లు కప్పి ఉన్నాయా మీ కళ్లతో చూసి రండి. డిప్లొమా, బీటెక్ అయినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని అప్రెంటిస్‌షిప్‌కి దరఖాస్తు పెట్టండి. స్టైపెండ్ తక్కువే, హైదరాబాద్‌లో గది అద్దెకు చాలీచాలనట్టు ఉంటుంది. అయినా డబ్బు కట్టి నేర్చుకోవడం కంటే డబ్బు తీసుకుని నేర్చుకోవడం మేలు కదా! ఇంటర్ ఎంపీసీ వాళ్లు ఏఎంఈ వైపు చూస్తుంటే, ఆ సంస్థకు డీజీసీఏ కార్-147 అనుమతి ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. బ్రోషర్ మీద విమానం బొమ్మ అనుమతి కాదు.

బీటెక్‌లో ఇంకా టైమున్నవాళ్లు ఎస్ఏఈ ఇండియా ఏరో డిజైన్ పోటీకి టీమ్ కట్టండి. ఓడినా పర్వాలేదు. ఆ పేరుతో అరమీటరు పొడవున్న ఒక వింగ్ టిప్ చేయండి. థర్మోకోల్‌ను వేడి తీగతో కోసి, పైన గ్లాస్ క్లాత్, ఎపాక్సీ. థర్మోకోల్ మీద పాలియెస్టర్ రెసిన్ పోయొద్దు, కరిగిపోతుంది. అచ్చు మీద పాలియెస్టర్ వాడేవాళ్లు ఉంటే దాని హార్డెనర్ కళ్లకు చాలా ప్రమాదం, అద్దాలు తప్పనిసరి. దాన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా కలిపితే పేలుతుంది, వేర్వేరుగా రెసిన్‌లోనే కలపాలి. రుద్దేటప్పుడు మాస్క్, నిండు చేతుల చొక్కా. మొదటిసారి నేను బనీనుతో రుద్ది మూడు రోజులు ఒళ్లంతా గోక్కున్నాను, మా అమ్మ గజ్జి అనుకుంది. అయిపోయాక రూపాయి బిళ్లతో మెల్లగా తడుతూ పోండి. టంగుమంటే పొర అతికింది, డొల్లగా డబ్బుమంటే లోపల విడిపోయింది. పెద్ద హ్యాంగర్లలోనూ మొదటి తనిఖీ ఇలాంటిదే. ప్రతి రోజు ఏం చేశారో తేదీతో, బరువుతో, ఫొటోతో నోటుబుక్కులో రాయండి. రెజ్యూమెలో 'క్విక్ లెర్నర్' అనే మాట తీసేసి ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి.

ఎవరికైనా ఉత్సాహం ఎక్కువై 'మనమే విమానం కట్టి ఎగిరేద్దాం' అనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం అమల్లోకి వచ్చింది. విమానం డిజైన్, తయారీ, నిర్వహణ అన్నీ దాని కిందికే వస్తాయి. డీజీసీఏ అనుమతి లేకుండా మనిషి ఎక్కే యంత్రాన్ని లేపడం నేరం. యూట్యూబ్‌లో వ్యూస్ వస్తాయి, తర్వాత పోలీసులూ వస్తారు.

కోదాడ తమ్ముడు కోర్సువాళ్లను ఆ మూడు ప్రశ్నలూ అడిగాడు. మూడోదానికి వాళ్లు ఫోన్ పెట్టేశారట. ఇప్పుడు ఆదివారాలు బైపాస్ దగ్గర ఒక బంపర్ల షెడ్డుకు వెళ్తున్నాడు, జీతం లేదు, టీ మాత్రం ఇస్తారు. నాట్స్‌లో రెండు చోట్ల దరఖాస్తు పెట్టాడు. మొన్న రాత్రి తను చేసిన మొదటి టిప్ ఫొటో పంపాడు. నిండా సూది రంధ్రాలున్నాయి, అది పర్వాలేదు, లప్పం పల్చగా లాగితే పోతాయి. స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీయమన్నాను. వెనక అంచు రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. చీల్చి మళ్లీ అతికించమని చెప్పాను. కాసేపు టైపింగ్ అని చూపించి ఆగిపోయింది. తర్వాత మెసేజ్ వచ్చింది: 'రెసిన్ అయిపోయిందన్నా. ఒకటో తారీకు దాటినంక తెస్తా.'